పోశమన్న చెవిదాకా గిటారు

అడిగారు కాబట్టి

నన్ను బాక్సుల యాకయ్య అంటారు. అశ్వారావుపేట నుంచి కొత్తగూడెం దాకా, మధ్యలో ములకలపల్లి అడవి అంచు ఊళ్లన్నిటిలో పెళ్లికీ, జాతరకీ, ఎలక్షన్ మీటింగుకీ, చివరికి రాక్ కన్సర్ట్‌కీ సౌండ్ పెట్టినవాణ్ని నేనే. మోకాళ్లు మొరాయించడంతో రెండేళ్ల కింద మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఇంటికొచ్చి, "అంకుల్, ఏ మిక్సర్ మంచిది, ఎన్ని వాట్లు పెట్టాలె?" అని అడుగుతున్నారు. వాట్ల సంగతి అమ్మేవాడు చెప్తాడు, కావలసినదానికంటే రెండింతలు చెప్తాడు. నేను చెప్పేది వేరే.

మైదానం నిండా జనం ఉంటే వాళ్లకు పాట వినిపించడం గొప్పేమీ కాదు. మీటలు పైకి తోస్తే చాలు, పక్క ఊరికి కూడా వినిపిస్తుంది. నా సర్వీసులో నన్ను ముప్పుతిప్పలు పెట్టిన పని ఒకటే. ఒక ఆడపిల్ల వాయించే గిటారును వాళ్ల నాన్నకు వినిపించాలి. ఆయన ప్రతి కన్సర్ట్‌కీ వచ్చేవాడు, ముందు వరసలోనే కూర్చునేవాడు. ఆ సంగతే రాస్తున్నాను. మధ్యలో నా తప్పులు కూడా వస్తాయి, నవ్వుకోండి, నాకేం బాధ లేదు.

మా ఓనర్ గారి సూత్రం

నాకు పని నేర్పింది సత్తుపల్లిలో మైక్ సెట్ నడిపిన నాగేశ్వరరావు గారు. వాళ్ల నాన్నల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న కుటుంబం. మనిషి మంచివాడే కానీ పాట అంటే ఆయనకు బొత్తిగా లెక్కలేదు. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"ఒరేయ్ యాకయ్యా, జనం పాట కోసం వస్తారనుకుంటున్నావా? మైకులో తమ పేరు వినపడితే చాలురా వాళ్లకి. పాటలో గొంతు ఆగిందంటే ఆ ఖాళీ మనది. అప్పుడు పెద్దల పేర్లు చదువు, అడ్డంగా ఉన్న బళ్లు తీయించు, తప్పిపోయినవాళ్లని పిలిపించు. మళ్లీ గొంతు మొదలయ్యేసరికి నువ్వు నోరు మూసెయ్యాలి. అదే మన విద్య."

పెళ్లి ఆర్కెస్ట్రాలకు ఇది అక్షరాలా నిజం. చరణానికీ చరణానికీ మధ్య వాద్యాలు మోగుతుంటాయి కదా, ఆ కాస్త సందులో సౌండ్ తగ్గించి, "వంటల దగ్గర ఉన్న పెళ్లికొడుకు మేనమామ గారు ఎక్కడున్నా స్టేజీ దగ్గరికి రావలెను" అని చెప్పి, చరణం అందుకునేలోపు మళ్లీ పెంచేసేవాణ్ని. పాటలో ఒక్క అక్షరం కూడా పోయేది కాదు. ఈ విద్యలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని ఓనర్ గారే నలుగురిలో మెచ్చుకున్నారు. ఆ మెప్పే నా కొంప ముంచింది.

ట్రాక్టర్ తీయించిన రోజు

అశ్వారావుపేటలో ఒక బైకుల షోరూం తెరుస్తూ, ఆ యజమాని ఆర్కెస్ట్రా బదులు రాక్ బ్యాండ్‌ని పిలిపించాడు. కొత్తగూడెం గని కార్మికుల క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన నలుగురి బ్యాండ్ అది. పేరు ఓపెన్‌కాస్ట్. భూమిని పైనుంచి తవ్వుకుంటూ పోయే బొగ్గు గనిని మా దగ్గర అట్లా అంటారు. గిటారు వాయించే పిల్ల పేరు శ్రావణి. ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతుంది, మొదటి జీతంతో ఆ గిటారు కొనుక్కుంది.

నాకది మొదటి రాక్ ప్రోగ్రాం. షోరూం యజమానికీ అంతే. ఆయన సంచి నిండా శాలువాలు తెప్పించి పెట్టుకున్నాడు. మా దగ్గర స్టేజీ వేశారంటే శాలువా కప్పకుండా ఎవర్నీ దిగనివ్వరు. ప్రతి పాట తర్వాత ఒక పెద్దాయన ఎక్కడం, బ్యాండ్ వాళ్లకు కప్పడం, ఫోటో దిగడం. ఎండాకాలం మధ్యాహ్నం. నాలుగో పాటకు వచ్చేసరికి శ్రావణి మూడు శాలువాల్లో మునిగిపోయి, గిటారు ఎక్కడుందో వెతుక్కుంటూ వాయిస్తోంది. డ్రమ్స్ కొట్టే అబ్బాయి తనకు కప్పినవాటిని తీసి డ్రమ్ములో కుక్కాడు. నాకు మాత్రం ఏనాడూ ఎవరూ ఒక్క శాలువా కప్పలేదు, అది వేరే విషయం.

అయిదో పాటలో పాడే అబ్బాయి మైకు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. గొంతు ఆగింది. శ్రావణి ముందుకొచ్చి, కళ్లు మూసుకుని, గిటారు ఒక్కటే ఎత్తుకుంది. ఇరవై ఏళ్ల అలవాటు. నా చెయ్యి దానంతట అదే గిటారు మీటను కిందికి లాగేసింది.

"సభకు నమస్కారం. పామాయిల్ గెలల ట్రాక్టర్ గేటుకు అడ్డంగా ఉన్నది. డ్రైవర్ ఎక్కడున్నా వెంటనే వచ్చి తీయవలెను. అలాగే భోజనాలు షెడ్డు వెనకాల మొదలైనవని తెలియజేస్తున్నాం."

భోజనాలు అన్న మాటకు సగం మంది లేచి వెళ్లిపోయారు. శ్రావణి కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఖాళీ కుర్చీలున్నాయి. పాట అయిపోగానే నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, నేను వాయిస్తుంటే మీరేం చేసిండ్రు?"

"ట్రాక్టర్ తీయించినమ్మా," అన్నాను, మెచ్చుకుంటుందేమో అనుకుంటూ.

"అది సోలో బాబాయ్! ఆ పాటల అన్నిటికంటే ముఖ్యమైంది అదే!"

"గొంతు లేదు గదమ్మా మరి?"

ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "నాలుగు నెల్లు కష్టపడ్డ ఆ ముక్క కోసం. వేళ్లు చూడుండ్రి, కాయలు కాసినయి. మా నాయిన ఒక్కసారన్న వింటడని బతిమాలి తోల్కొచ్చిన."

ఆ నాయిన ముందు వరసలో ఉన్నాడు. తెల్లని ఇస్త్రీ అంగీ, పెద్ద మీసం. గనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన పోశమన్న. లేచి వచ్చి నా భుజం తట్టాడు. "అన్నిట్ల నీ ట్రాక్టర్ ముక్కనే మస్తు వినొచ్చిందే తమ్మీ," అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. శ్రావణి గిటారు సంచిలో పెట్టుకుని బైటికి నడిచింది.

కొత్తగా వచ్చేవాళ్లకు ఒకటే చెప్తాను. మీకు తెలియని రకం పాటకు సౌండ్ పెట్టేటప్పుడు, వాయించేవాళ్లను ముందే అడగండి. "అమ్మా, ఇందులో ఏది పోతే నువ్వు ఏడుస్తావు?" అని అడగండి. నామోషీ ఏమీ లేదు.

మా షాపు ముందు కొట్లాటలు

మర్నాడు ఓపెన్‌కాస్ట్ ఫ్యాన్స్ ఏడెనిమిది మంది నన్ను తిట్టడానికి నా మైక్ సెట్ షాపుకొచ్చారు. తిట్టడం అయిపోయాక చాయ్ తాగారు. ఆ మరునాడు మళ్లీ తిట్టడానికి వచ్చారు, మళ్లీ చాయ్ తాగారు. నెల తిరిగేసరికి నా షాపు ముందున్న బెంచీ రాక్ ఫ్యాన్సు అడ్డా అయిపోయింది. వాళ్ల నాయకుడు రమేష్ సార్. ములకలపల్లి దగ్గర తండాలో పుట్టి, చదువుకుని, సర్కారు బడిలో సోషల్ చెప్తున్నాడు. క్లాసులో పిల్లల్ని గట్టిగా కసిరి ఎరగడు. బ్యాండు సంగతి వస్తే మాత్రం బెంచీ ఎక్కి అరుస్తాడు.

అవతలి పార్టీ పామాయిల్ ఫ్యాన్స్. పామాయిల్ అంటే అశ్వారావుపేట తోటల రైతు బిడ్డల బ్యాండ్. బేస్ గిటారు, డ్రమ్స్, నడుం దాకా జుట్టున్న పాటగాడు. ఆ పార్టీకి పెద్ద ఎవరనుకున్నారు? పోశమన్న. కన్నకూతురు ఓపెన్‌కాస్ట్‌లో వాయిస్తుంటే, ఆయన పామాయిల్ బొమ్మ ఉన్న బనీను తొడుక్కుని తిరిగేవాడు.

"కన్సర్ట్ అంటే ఛాతీల గుద్దాలె సారూ," అనేవాడు పోశమన్న. "అంగీ గుండీలు అదరాలె. అదరలేదనుకో, గది భజన."

"గుద్దించుకునేదుంటే బస్టాండుల తిరుగు పోశమన్నా, ఫ్రీగ గుద్దుతరు," అనేవాడు రమేష్ సార్. "లైవ్ అంటే తప్పు రావాలె. ఫోన్ల ఎట్లుందో గట్లనే వాయిస్తే నేను ఇంట్ల పండుకునే వింట గద? మనిషి వాయిస్తున్నడని తెల్వాలె."

"అవ్, తప్పులకైతే మీ బ్యాండ్‌ల కొదువ లేదు."

ఇంకొకాయన జుట్టును బట్టి మార్కులు వేసేవాడు. జుట్టు భుజాలు దాటకపోతే అది రాక్ కాదట. ఒకాయన లెక్క వేరే, పాట అర్థమైతే అది రాక్ కాదు. పొగ లేనిదే కన్సర్ట్ కాదని పామాయిల్ వాళ్లు పట్టుబట్టి, ఒకసారి గ్రామ పంచాయతీ దోమల పొగ మిషను తెచ్చి స్టేజీ వెనక పెట్టారు. దానికి సరే అన్నది నేనే, నాదీ తప్పే. రెండో పాటలో పాటగాడు దగ్గుతూ దిగిపోయాడు, డ్రమ్స్ ఎవరికీ కనిపించలేదు, ఫ్యాన్స్ కళ్లు నులుముకుంటూనే తలలు ఊపారు. ఆ ఊరి ఆడవాళ్లు మాత్రం, వారం దాకా దోమలు లేవు, ఆ బ్యాండ్‌ని మళ్లీ పిలవమని సర్పంచ్‌ని అడిగారు.

ఇట్లా నవ్వుకుంటూనే ఉండేవాళ్లం. కానీ ప్రతిసారీ మాట తిరిగి తిరిగి గిటారు దగ్గరికి వచ్చేది.

"శ్రావణి సోలో ఇన్నవా పోశమన్నా? ఏం వాయించింది!" అనేవాడు రమేష్ సార్.

"ఏం సోలో. దోమ మోగినట్టు సన్నగ గీ... అని మోగుతది. గదీ ఒక వాయించుడేనా?"

ఆ మాట అన్న ఒక రోజు సాయంత్రం, నాయిన్ను ఇంటికి తీసుకుపోదామని వచ్చిన శ్రావణి స్కూటీ మీద మా వెనకే ఉంది. వినింది. "రా నాయినా, పోదాం," అని మాత్రం అంది. బెంచీ మీద ఎవరూ చాయ్ తాగలేకపోయారు.

వారం తర్వాత ఒంటరిగా వచ్చింది. "ములకలపల్లి కన్సర్ట్ అయినంక గిటారు అమ్మేస్తున్న బాబాయ్. రమేష్ సార్ తీసుకుంటనన్నడు."

"ఆయనకు గిటారు పట్టుకోవడం కూడా రాదు గదమ్మా!"

"బీరువా మీద పెట్టుకుంటడంట. బయటోళ్లకు పోవద్దని ఏడ్చిండు."

"ఎందుకు అమ్ముడు? ఊరంతా చప్పట్లు కొడ్తుంటే?"

"ఊరంత కొడ్తది. మా నాయిన చేతులు కట్టుకుని కూసుంటడు. పామాయిలోళ్లు వస్తే లేచి ఎగుర్తడు. నా తోని కాదు బాబాయ్, ఇగ చాలు."

నేను ఆ ముసలాయన్ను మనసులో నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. కన్నబిడ్డ మీద ఇంత పంతమా అనుకున్నాను. తప్పు నాదే. శబ్దమే నా బతుకై ఉండి, అసలు సంగతి నాకే తట్టలేదు.

కూత

ములకలపల్లి కన్సర్ట్‌కి రెండు బ్యాండ్లూ ఒకే స్టేజీ. ఏది గొప్పో ఆ రోజుతో తేలిపోవాలని ఫ్యాన్స్ పట్టుబట్టారు. జడ్జిగా ఎవరు? రెండు పార్టీలూ మూడు రోజులు తన్నుకుని చివరికి పోశమన్నను ఒప్పుకున్నాయి. కూతురు ఇటు, అభిమానం అటు, కాబట్టి లెవల్ అయిపోతుందని రమేష్ సార్ లాజిక్. ఇట్లాంటి లాజిక్ మా దగ్గర తప్ప ఎక్కడా చెల్లదు.

కాలేజీ గ్రౌండ్‌లో సాయంత్రం నాలుగింటికి మొదలు, చీకటి పడేలోపు ముగించాలి. అడవి దారిలో బండ్ల మీద పోయేవాళ్లే అందరూ. నేను మధ్యాహ్నమే బాక్సులు దింపి వైర్లు కలుపుతున్నాను. పోశమన్న జడ్జి హోదాలో ముందే వచ్చి, లావు శబ్దాలు పలికే పెద్ద బేస్ బాక్సుకు వీపు ఆనించి చాయ్ తాగుతున్నాడు.

అప్పుడు నేను ఈ పనిలో ఎవరూ చెయ్యకూడని తప్పు చేశాను. మైకును బాక్సుకు ఎదురుగా పెట్టి మీట పైకి తోశాను. అట్లా చేస్తే మైకు తన శబ్దం తనే మింగి కూత పెడుతుంది. సన్నగా, పళ్లు జివ్వుమనేలా, గ్రౌండ్ అంతా కీచుమంది. కుక్కలు కంచె దూకాయి. రమేష్ సార్ చాయ్ గ్లాసు కింద పడేసి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. బందోబస్తుకొచ్చిన కానిస్టేబుల్ టోపీ లాగి చెవుల మీదికి దించుకున్నాడు. స్టేజీ మీద గిటారు శ్రుతి చేసుకుంటున్న శ్రావణి అది వదిలేసి ముడుచుకుని కూర్చుంది.

పోశమన్న చాయ్ మీద ఉఫ్ అని ఊదుకుంటున్నాడు. ఒక గుటక వేసి మెల్లగా తలెత్తాడు.

"ఏందిరా, అందరు గట్ల చెవులు మూసుకున్నరేంది?"

మీట దించాను. మళ్లీ కొంచెం పైకి తోశాను, కావాలనే. మళ్లీ కూత. అందరూ నన్ను బండబూతులు తిట్టారు. పోశమన్న మీసానికి అంటిన చాయ్ తుడుచుకుంటున్నాడు.

పోయి పక్కన కూర్చున్నాను. "అన్నా, గనిల నువ్వేం పని చేసినవే?"

"డ్రిల్లింగ్. బండకు మిషన్‌తోని బొర్రలు గొట్టుడు. ముప్పై ఏండ్లు."

"గా దోమ మోత అంటవు గద, అది శ్రావణి వాయించినప్పుడే వినొస్తదా?"

"పండుకున్నా వినొస్తది, లేచినా వినొస్తది. దోమ గదరా, దానికి టైమేంది?" అని, ఎందుకో అనుమానం వచ్చి కళ్లెర్రజేశాడు. "ఏం, నా చెవులకేమైందని అడుగుతున్నవ్? అడవిల పాము పాకినా వింట నేను!"

ఇక అడగలేదు. చెవి ఒక్కసారిగా పోదు. ముందు సన్నని శబ్దాలు పోతాయి, లావు శబ్దాలు చాలా ఏళ్లు ఉంటాయి. మనిషికి తెలియనే తెలియదు. పోశమన్నకు డ్రమ్స్ వినిపిస్తాయి, బేస్ వినిపిస్తుంది, నా బొంగురు గొంతులో ట్రాక్టర్ వినిపిస్తుంది. కూతురి గిటారు మాత్రం వినిపించదు. ఆయన దోమ అని తిట్టింది ఆ పిల్ల వాయింపును కాదు, తన చెవిలో మోగే మోతను. మీరు కూడా రోజంతా బాక్సుల పక్కనే నిలబడతారు. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి, ఎవడు నవ్వినా సరే.

శ్రావణిని మా వ్యాన్ వెనక్కి పిలిచి చెప్పాను. మొదట నవ్వింది. తర్వాత వ్యాన్ తలుపు పట్టుకుని ఏడ్చింది.

"అంటే నచ్చక కాదా బాబాయ్?"

"నచ్చనీకి ముందు వినొస్తే గదమ్మా."

"రేపే దవాఖానాకు తోల్కపోత."

"నువ్వు పోదామంటే వస్తడా? పాము పాకినా వింటడంట. ముందు ఇయ్యాల సంగతి చూద్దాం. గా సోలో ముక్క సన్న తీగెల మీద గాకుండ లావు తీగెల మీద, బాగా కిందికి దించి వాయిస్తవా?"

"రెండు గంటలే ఉన్నయి!"

"ట్రాక్టర్ తీయించినంత జల్దీ కావాలె."

ఏడుస్తూనే నవ్వి, వ్యాన్ ఎక్కి తలుపేసుకుంది. నేను గిటారును బేస్ బాక్సుల్లోకి కలిపాను. ఏ సౌండ్ మనిషీ ఆ పని చెయ్యడు, వినడానికి బురదలో పడ్డట్టుంటుంది. పోశమన్న కుర్చీని నా మిక్సర్ టేబుల్ పక్కకు, బాక్సుకు ఆనుకునేలా వేయించాను. జడ్జికి స్పెషల్ సీటు అన్నాను. ఆయన మీసం దువ్వుకుని కూర్చున్నాడు.

సోలో

మొదట పామాయిల్ వాయించింది. పోశమన్న కుర్చీలోనే ఎగిరాడు. నాలుగు పాటలకూ ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది. ఆ ఫ్యాన్స్ గెలిచినట్టే కేకలు పెట్టారు.

తర్వాత ఓపెన్‌కాస్ట్ ఎక్కింది. పోశమన్న చేతులు కట్టుకున్నాడు. పాట నడిచింది. పాడే అబ్బాయి వెనక్కి జరిగాడు. శ్రావణి ముందుకొచ్చింది. ఈసారి కళ్లు మూసుకోలేదు, నాయిన వైపే చూస్తోంది. లావు తీగె మీద వేలు వేసింది. నేను మీట నిండుగా పైకి తోశాను.

పోశమన్న కట్టుకున్న చేతులు విడిపోయాయి. వెనక్కి తిరిగి బాక్సును చూశాడు. నన్ను చూశాడు.

"ఇదేంది?"

"మీ పిల్ల గిటారు."

"మా పిల్లదా?"

లేచి నిలబడ్డాడు. నోరు తెరుచుకుని, ఒక చెయ్యి బాక్సు మీద పెట్టి, చివరిదాకా కదలకుండా విన్నాడు. ముక్క అయిపోగానే గ్రౌండ్ అదిరేలా అరిచాడు. "వన్స్ మోర్! వన్స్ మోర్ బిడ్డా!"

జనం ఈలలు వేశారు. రమేష్ సార్ రెండు కుర్చీల మీద ఒక్కో కాలు పెట్టి నిలబడ్డాడు. శ్రావణికి నవ్వూ ఏడుపూ ఆగలేదు. మళ్లీ ఎత్తుకుంది. కానీ ఆ సంతోషంలో వేళ్లు వాటికి తెలిసిన చోటుకే పోయాయి, మీదికి, సన్న తీగెల మీదికి. నాలుగు నెలలు నేర్చుకున్నట్టే, అంతకంటే బాగా వాయిస్తోంది. నేను అంత మంచి గిటారు అంతకు ముందు వినలేదు.

పోశమన్న నవ్వు సగంలో ఆగిపోయింది. నా భుజం పట్టి ఊపాడు.

"ఆపిందా?"

"లేదన్నా, వాయిస్తున్నది."

"వేళ్లైతే ఆడుతున్నయి..." కూతురి చేతుల్ని చూశాడు, చుట్టూ ఊగుతున్న జనాన్ని చూశాడు. ఆయనకు అర్థమైంది. "యాకయ్యా, నాకు వినొస్తలేదురా!" అన్నాడు. చెవి మందమైనవాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆ మాట గ్రౌండ్ మొత్తానికీ వినిపించింది. "మా పిల్ల వాయించేది నాకు వినొస్తలేదు! గిన్ని రోజులు గిట్లనే వాయించిందా? నేను దోమ అన్నది దీన్నేనా?"

డ్రమ్స్ ఆగాయి. పాడే అబ్బాయి మైకు దించాడు. శ్రావణి చేతులు తీగెల మీద నిలిచిపోయాయి.

పోశమన్న చెయ్యెత్తాడు. "నువ్వు ఆపకు బిడ్డా! వాయించు. యాకయ్య నాకు చెప్తడు."

నేనేం చెప్పేది? గిటారును మాటల్లో చెప్పడం నాకు ఎవరు నేర్పారు? శ్రావణి మెల్లగా మొదలుపెట్టింది, ఒక్కతే. నేను మిక్సర్ వదిలేశాను. పోశమన్న చెవికి నోరు ఆనించి, నా బొంగురు గొంతుతో ఆమె వాయించింది వాయించినట్టు అందుకున్నాను. టీయ్ టిటీయ్, టిరిరీ, టియ్యాఁ. ఆమె పైకి పోతే నేను కిందే ఉండి అదే దారిలో పోయాను. ఊపిరి చాలక మధ్యలో దగ్గాను. జనం మొదట నవ్వారు. కానిస్టేబుల్ అయితే పొట్ట పట్టుకున్నాడు. కాసేపటికి ఎవరూ నవ్వలేదు. పోశమన్న కళ్లు కూతురి వేళ్ల మీదే ఉన్నాయి. నా టిరిరీకి, ఆమె వేళ్లకు లెక్క కుదిరిన చోటల్లా తల ఊపాడు. ఒక చోట నేను తప్పితే, వేళ్లు చూసి, "గట్ల గాదు, ఇంక మీదికి పోయింది," అని నన్నే దిద్దాడు.

అయిపోయింది. "శ్రావణీ, గిటారు నాకొద్దు! నీ దగ్గర్నే ఉంచుకో!" అని రమేష్ సార్ కుర్చీల మీద నుంచి అరుస్తూ కింద పడ్డాడు. రెండు పార్టీల ఫ్యాన్సూ కలిసి చప్పట్లు కొట్టారు. ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు. శ్రావణి గిటారుతోనే స్టేజీ దూకి వచ్చి నాయిన్ను పట్టుకుంది. ఆయన ఆ పిల్ల వేళ్లు తన రెండు చేతుల్లోకి తీసుకుని, కాయలు కాసిన చోట బొటనవేలితో నిమిరాడు. తర్వాత తెల్ల అంగీ చేతితో కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"నీ గొంతు దరిద్రంగ ఉన్నది యాకయ్యా," అన్నాడు. "మా పిల్ల మాత్రం మస్తు వాయించింది."